తొంభై నాలుగు మార్కుల నూకరత్నం

చోడవరం బస్టాండుకి కూతవేటు దూరంలో ఉన్న ముప్పై పడకల ఆసుపత్రిలో సత్యరాజు ఇరవై ఏడేళ్ళుగా కార్డుల గుమాస్తా. రోగి కిటికీ దగ్గరికొచ్చి పేరు చెప్పగానే, వెనకనున్న ఇనప బీరువాల్లోంచి ఆ మనిషి పాత కార్డు వెతికి తీసి డాక్టరు బల్ల మీదకి పంపడం అతని పని. వినేవాళ్ళకి అదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఆ కిటికీ వెనక ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది.

ఆ చుట్టుపక్కల నూకాలమ్మకి మొక్కుకుంటే పుట్టిన ఆడపిల్లలందరూ నూకరత్నాలే. పైడితల్లులకీ, చిన్నతల్లులకీ లెక్కే లేదు. ఒకసారి బుచ్చయ్యపేట నుంచి వచ్చిన ఒకే ఆటోలోంచి ముగ్గురు చిన్నతల్లులు దిగారు. ముగ్గురికీ ఒకటే ఇంటిపేరు, ముగ్గురికీ జ్వరమే. ముగ్గురినీ వరసగా బల్ల మీద కూర్చోబెట్టి, ఎవరి కార్డు ఎవరిదో తేల్చేసరికి సత్యరాజుకి చెమట పట్టింది.

చెమట పట్టడం అతనికి కొత్త కాదు. సత్యరాజుది పుట్టు భయం. తలుపుకి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వేశానా లేదా అని వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. అతని భార్య మణెమ్మ గుమ్మంలో నిలబడి ఉన్నా సరే తాళం లాగి చూస్తాడని చర్చిలో ఆడవాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక సత్యారావు కార్డు ఇంకొక సత్యారావుకి వెళ్ళిపోయింది. ఒంట్లో ఏమీ లేని మనిషి నాలుగు రోజులు క్షయ మందులు మింగాడు. ప్రమాదమేమీ జరగలేదు. అప్పటి పెద్ద డాక్టరు గారు కోప్పడలేదు కూడా. కార్డులు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, "చూడు సత్యరాజూ" అని మాత్రం అన్నారు. సత్యరాజు చూశాడు. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళలో మళ్ళీ ఒక్క కార్డూ తారుమారు కానివ్వలేదు.

అందుకు అతను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, పేరు చెప్పగానే కార్డు తీయడు. మొగుడి పేరో తండ్రి పేరో అడుగుతాడు. ఊర్లో ఏ వీధో అడుగుతాడు. "ఇంట్లో నిన్ను ఏటని పిలుస్తారమ్మా?" అని అడుగుతాడు. వచ్చిన జవాబులు కార్డు మూల పెన్సిలుతో చిన్న అక్షరాల్లో రాసి పెట్టుకుంటాడు. ఎడమ చెయ్యి కాలిన మచ్చ. రామకోవెల వెనకిల్లు. మెల్లకన్ను. బుజ్జమ్మ. ఆ రాతలు డాక్టర్లెవరూ చదవరు. అవి సత్యరాజు కోసం సత్యరాజు రాసుకున్నవి.

ఏడాదిన్నర కిందట ఆసుపత్రి యాజమాన్యం మారింది. కొత్త మేనేజరు శామ్సన్ వయసులో ఉన్నవాడు, మాట మెత్తన, పని తొందర. వస్తూనే కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్నాడు. ఇద్దరు టైపిస్టులు వచ్చి రెండు నెలలు కూర్చుని ముప్పై ఒక్క వేల కార్డులు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేశారు. పేరు, వయసు, ఊరు, జబ్బు, పడని మందులు. ఒక్కో దానికి ఒక్కో గడి ఉంది. పెన్సిలు రాతలకి గడి లేదు.

"ఇవి కూడా ఎక్కించాలి కదా బాబూ," అన్నాడు సత్యరాజు.

"మెల్లకన్ను అని ఏ గడిలో ఎక్కించమంటారు సార్?" అన్నాడు శామ్సన్ నవ్వుతూ. సత్యరాజు కూడా నవ్వేసి ఊరుకున్నాడు. కార్డులు గోనె సంచుల్లో కట్టి మేడమీద గదిలో పడేశారు.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. పదేళ్ళలో నాలుగుసార్లు కార్డు పారేసుకుని నాలుగు కొత్త కార్డులు రాయించుకున్నవాళ్ళు బోలెడుమంది. కంప్యూటర్లో వాళ్ళు నలుగురు మనుషులయ్యారు. వాళ్ళని ఒక్కటి చెయ్యడానికి విశాఖపట్నం నుంచి దేవిశ్రీ అనే అమ్మాయి ఒక సాఫ్ట్‌వేరు పట్టుకొచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, చెవులకి చిన్న రింగులు, ఎవరినైనా అంకుల్ అని పిలిచే చనువు. ఆ సాఫ్ట్‌వేరు ప్రతి పేరునీ మిగతా అన్ని పేర్లతోనూ పోల్చి, ఎంత దగ్గరగా ఉన్నాయో నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది.

"ఏటమ్మా ఈ మార్కులు? ఎవరేసేరు?" అని అడిగాడు సత్యరాజు.

"ఎవరూ వెయ్యలేదు అంకుల్, అదే వేసుకుంటాది. ఈ పేరుని ఆ పేరు చెయ్యాలంటే ఎన్ని అక్షరాలు దిద్దాలో లెక్కపెడతాది. తక్కువ దిద్దితే ఎక్కువ మార్కులు. వయసు, ఊరు కూడా కలిస్తే ఒకరే అని చెప్తాది."

"మనిషిని సూడదా?"

"మనిషి ఎక్కడుంటాడంకుల్ అందులో? అక్షరాలే ఉంటాయి."

డెబ్భైకీ తొంభైకీ మధ్య మార్కులొచ్చిన జతలు పద్దెనిమిది వందల చిల్లర తేలాయి. అవి ఒకరా ఇద్దరా అని తేల్చే పని సత్యరాజుకి అప్పజెప్పారు. మూడు వారాలు అదే పని. కంప్యూటరు తెర మీద జత వస్తుంది, కింద "ఒకరే", "ఇద్దరు" అని రెండు బొత్తాలు. సత్యరాజు మేడ మీదకి వెళ్ళి, సంచి విప్పి, కార్డులు చూసి, దిగొచ్చి బొత్తం నొక్కేవాడు. రోజుకి వందసార్లు మెట్లెక్కి దిగితే మోకాళ్ళు పట్టేశాయి.

ఎక్కిన కొద్దీ అతనికి భయం పెరిగింది. రోలుగుంటలో ఒక పైడితల్లి ఉంది. ఆమె పేరుని ఒక టైపిస్టు వై పెట్టి, టీ పక్కన హెచ్ పెట్టి కొట్టాడు. రెండో టైపిస్టు ఏ, ఐ పెట్టి, హెచ్ వదిలేసి కొట్టాడు. ఉన్నది ఒకే మనిషి, సాఫ్ట్‌వేరు మాత్రం డెబ్భై మార్కులే వేసింది. వడ్డాదిలో ఒక రాములమ్మ, ఒక రమణమ్మ ఉన్నారు. వాళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కని మనుషులు. వాళ్ళకి డెబ్భై ఎనిమిది వేసింది. ఇదేం లెక్క అని దేవిశ్రీని అడిగితే, "అందుకేగా అంకుల్ మిమ్మల్ని చూడమన్నది," అంది.

పని పూర్తయిన రోజు శామ్సన్ ఒక కాగితం తెచ్చాడు. నకిలీ రికార్డుల తొలగింపుని రికార్డు విభాగం తనిఖీ చేసి ఆమోదించింది అని దాని సారాంశం. వెనకాల రోగులు వరసలో ఉన్నారు. ఒకామె బిడ్డ ఏడుస్తోంది. సత్యరాజు నిలబడే సంతకం పెట్టేశాడు. తాళం మూడుసార్లు లాగి చూసే మనిషి ఆ కాగితం ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు.

జనవరి ఆఖరు శనివారం, దేవిశ్రీ తన సామాను సర్దుకుంటూ ఉంటే అతనికి ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది.

"అమ్మా, తొంభై దాటినవో?"

"ఏవంకుల్?"

"తొంభైకి పైన మార్కులొచ్చిన జతలు. అవి నాకు చూపించలేదు కదా?"

"అవి మొదటిరోజే కలిపేసింది అంకుల్, దానంతటదే. అంత దగ్గరున్నవి మనిషి చూడక్కర్లేదని మేనేజర్ గారే చెప్పేరు. ఆరువందల పన్నెండు. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది కదా?"

సత్యరాజు ఆ జాబితా అచ్చు తీసి ఇమ్మని అడిగాడు. పద్దెనిమిది పేజీలు వచ్చాయి. వాటిని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల దోపుకుని ఇంటికి తెచ్చుకున్నాడు, దొంగతనం చేసినవాడిలా.

మర్నాడు ఆదివారం. చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో అతని చెవికెక్కలేదు. ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని, అరుగు మీద చాప పరుచుకుని పెన్సిలు పట్టుకున్నాడు. మణెమ్మ అంట్లు తోముకుంటూ, "ఆదివారం కూడా ఏటా కాగితాలు? డాక్టరీ పరీక్షకి సదువుతన్నావా?" అంది.

మొదటి ఆరు పేజీల్లో ఫరవాలేదనిపించింది. అన్నీ కార్డు పారేసుకున్నవాళ్ళవే. ఊపిరి తీసుకున్నాడు. ఏడో పేజీ మధ్యలో పెన్సిలు ఆగిపోయింది.

గొర్లె నూకరత్నం, స్త్రీ, నలభై నాలుగు, వడ్డాది. గొర్లె నూకరత్నం, స్త్రీ, నలభై మూడు, వడ్డాది. రెండో పేరులో ఒక్క హెచ్ అక్షరం ఎక్కువ. తొంభై నాలుగు మార్కులు. కలిపివేయబడినది.

వాళ్ళు తోటికోడళ్ళు. గొర్లె వారింట్లో అన్నకీ తమ్ముడికీ నూకరత్నాలే పెళ్ళాలుగా వచ్చారు. పెద్ద నూకరత్నం, చిన్న నూకరత్నం అని ఊరంతా పిలుస్తారు. సత్యరాజుకి ఇద్దరూ తెలుసు. పెద్దామెకి రెండువేల తొమ్మిదిలో జ్వరమొస్తే పెన్సిలిన్ సూది వేశారు. వేసిన రెండు నిమిషాల్లో ముఖం కుండలా ఉబ్బి, ఊపిరాడక, కిటికీ ముందే కూలిపోయింది. బతకడమే గొప్ప. పెద్ద డాక్టరు గారు ఆ రోజు ఎర్ర సిరా తెప్పించుకుని ఆమె కార్డు నిండా రాశారు, పెన్సిలిన్ జాతి మందు ఏదీ ఈ మనిషికి వెయ్యరాదని. చిన్నామె కథ వేరు. కిందటి నెల వీపు మీద సెగ్గడ్డకి అదే జాతి సూదులు ఐదు రోజులు వేయించుకుని దర్జాగా ఇంటికి వెళ్ళింది.

ఇద్దరినీ ఒకరిని చేస్తే ఏ మాట నిలుస్తుంది? ఆ సంగతి దేవిశ్రీని ముందే అడిగాడు. రెండు రికార్డుల్లో మాటలు కలవకపోతే ఆఖరుసారి వచ్చినప్పటి మాటే ఉంటుందంది. ఆఖరుసారి వచ్చింది చిన్నామె. పడని మందులు: లేవు.

జాబితాలో ఉన్న ఫోను నంబరుకి చేశాడు. మొదటిసారి తప్పు నంబరు నొక్కాడు. రెండోసారి మోగింది.

"అల్లో, ఎవులు?"

"నేనమ్మా, చోడవరం ఆసుపత్రి కార్డుల సత్యరాజుని. పెద్ద నూకరత్నమా, చిన్న నూకరత్నమా?"

"సిన్న నూకరత్నాన్ని బాబూ."

"అక్కెలాగుందమ్మా? బాగుందా?"

"అదేటి బాబూ, మీకు తెలీదా? అక్క మీ ఆసుపత్రిలోనే ఉంది కదా! మూడ్రోజుల కిందట సెరుకు నరకతంటే మోడు పాదంలో దిగిపోనాది. నెక్కసేయనేదు. పొద్దున్నించి ఒళ్ళు కాలిపోతంది, ఏటేటో వాగతంది. మా బావ ఇందాకే ఆటోలో తీసికెల్లేడు."

"ఎంతసేపయింది?"

"గంట అయిపోనాది బాబూ. ఏటి, ఏటైనాది?"

"అక్కకి సూది పడదు కదమ్మా, బావకి ఆ సంగతి తెలుసా?" అని అడిగాడు సత్యరాజు.

"సూదులు పడవని తెలుసు గానీ, ఏ సూదో ఆడికేటి తెలుసు బాబూ! మీ కార్డులో రాసుంది కదా!"

ఆసుపత్రికి ఫోను చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. ఎంగేజ్. చెప్పులు వేసుకున్నాడో లేదో చూసుకోలేదు, తలుపు దగ్గరగా కూడా వెయ్యలేదు. "యాడికి?" అని మణెమ్మ అరుస్తున్నా వినపడలేదు. పాత లూనా బయటికి లాగి తొక్కాడు.

గానుగ కాలం. మెయిను రోడ్డు మీద ఫేక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయి ఉన్నాయి. ఒక ట్రాలీ ఒరిగి గడలు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. ఎవడో గడ విరుచుకుని నముల్తున్నాడు. బళ్ళవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. సత్యరాజు లూనా అక్కడే గోడకి ఆనించి, గడల మీదుగా కాళ్ళు ఎత్తి వేస్తూ దాటి పరుగెత్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసిన మనిషి. పరుగెడుతూ ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఈసారి మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర ఎవరూ ఉండరని అందరికంటే అతనికే బాగా తెలుసు.

ఆమెకి ఇంకా ఏ మందూ ఎక్కించి ఉండరని అనుకున్నాడు. ముందు కట్టు కడతారు, తర్వాత రక్తం తీస్తారు, తర్వాతే మందు. టెస్టు డోసు వేసి చూస్తారు కదా, చర్మం కింద ఒక చుక్క వేసి, దద్దురు లేస్తే మానేస్తారు కదా. అలా అనుకుంటూనే, ఆ రికార్డులో ఏముంటుందో గుర్తొచ్చింది. కిందటి నెల ఇదే మనిషికి ఇదే సూది ఐదు రోజులు వేశాం, ఏమీ కాలేదు అని ఉంటుంది. అది చదివిన డాక్టరు టెస్టు డోసు ఎందుకు వేస్తారు?

ఆడవాళ్ళ వార్డు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి కిటికీ పక్క మంచం మీద పెద్ద నూకరత్నం పడుకుని ఉంది. పాదానికి తెల్లటి కట్టు. పైన సీసా వేలాడుతోంది. గొట్టంలో మందు చుక్క చుక్కగా పడుతోంది. పక్కన ఆమె మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు.

"ఆపండి! ఆపండమ్మా ఆ మందు!" అని అరిచాడు సత్యరాజు. అతను అరవగా ఆ ఆసుపత్రిలో ఎవరూ వినలేదు. నర్సు తెల్లబోయింది.

"ఏంటి సార్? ఇప్పుడే పెట్టేను, రెండు నిమిషాలైనా కాలేదు."

"పెన్సిలినేనా?"

"ఆ జాతిదే. కేసు షీట్లో—"

ఆ మాట పూర్తి కాలేదు. పెద్ద నూకరత్నం మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచి, చూస్తుండగానే బుగ్గల మీదకి పాకాయి. పెదాలు లావెక్కాయి. నోరు తెరిచి ఊపిరి కోసం పీల్చింది, ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. సత్యరాజు గొట్టం మీద ఉన్న చక్రాన్ని తనే తిప్పి మూసేశాడు. అది గుమాస్తా ముట్టుకోకూడని వస్తువని అతనికి తర్వాత గుర్తొచ్చింది.

డ్యూటీ డాక్టరు రేవతి పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఒక్క చూపు చూసి, "ఎడ్రినలిన్!" అంది. తొడ మీద సూది పడింది. ఆక్సిజన్ ముసుగు పెట్టారు. కాళ్ళు ఎత్తి కింద దిండ్లు పెట్టారు. మొగుడు ఏం జరుగుతోందో తెలియక, "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ మంచం ఇనప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. సత్యరాజు గోడకి జారబడి కింద కూర్చుండిపోయాడు. ఈల శబ్దం ఒక్కటే వింటున్నాడు. అది ఆగితే ఏమిటో అతనికి తెలుసు. ఆగకపోతే ఏమిటో తెలియదు.

రెండో సూది పడ్డాక ఈల సన్నబడింది. తర్వాత మామూలు ఊపిరైంది. గడియారం చూస్తే మొత్తం పదకొండు నిమిషాలు. డాక్టరు రేవతి చేతి గ్లవుజులు తీస్తూ, కింద కూర్చున్న సత్యరాజుని అడిగింది. "మీకెలా తెలిసింది? రికార్డులో ఏ మందూ పడనిది లేదని ఉంది. పోయిన నెల వేసినట్టు కూడా ఉంది. నేను రెండుసార్లు చూశాను."

"ఆ వేయించుకున్నామె ఈమె కాదు మేడమ్," అన్నాడు సత్యరాజు. "ఈమె తోటికోడలు."

సోమవారం పొద్దున్నే శామ్సన్ తలుపు వేసి మాట్లాడాడు. "జరిగిందేదో జరిగింది సార్. మనిషి బతికింది. మీ వల్లే బతికింది, కాదనను. కానీ ఇది ఊళ్ళో పొక్కితే ఆసుపత్రి పేరు పోతాది. ఆ కాగితం మీద మీ సంతకం కూడా ఉంది. మీకింకా ఆరేళ్ళు సర్వీసు ఉంది."

సత్యరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురు చెప్పడం అతనికి రాదు. బయటికి వచ్చి, కిటికీ వెనక కూర్చుని, ఒక తెల్ల కాగితం మీద తెలుగులో జరిగినదంతా రాశాడు. తన సంతకం సంగతి కూడా రాశాడు, చదవకుండా పెట్టానని. ఇంకా ఆరువందల పదకొండు జతలున్నాయని, అందులో ఎందరు ఇద్దరో తెలియదని రాశాడు. రాసిన కాగితం శామ్సన్‌కి ఇవ్వలేదు. డాక్టరు రేవతి బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

ఆ రోజంతా ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. మణెమ్మకి చెప్పలేదు. అన్నం కలిపి వదిలేశాడు. సాయంత్రం డాక్టరమ్మ కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళిందని, అరగంట గట్టిగా మాటలు వినిపించాయని నర్సు చెప్పింది. మర్నాడు దేవిశ్రీని విశాఖ నుంచి మళ్ళీ రప్పించారు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయి ఉంది. "అంకుల్, ఆమె ఎలా ఉన్నారు?" అని అడిగింది రాగానే.

"బాగుందమ్మా. గంజి తాగతంది."

"తొంభై అన్న గీత నేనే గీసేనంకుల్. వేరే ఊళ్ళల్లో సరిపోయింది," అంది దేవిశ్రీ.

"ఈ ఊర్లో సరిపోదమ్మా," అన్నాడు సత్యరాజు.

ఇద్దరూ కలిసి జతలన్నీ విడదీసి మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మాయి మేడ మీద సంచులు విప్పి కార్డులు తీస్తుంటే, సత్యరాజు కింద చూసి చెప్పేవాడు. ఈసారి పెన్సిలు రాతలకీ ఒక గడి పెట్టింది. పడని మందుల గడిలో రెండు మాటలు తేడాగా ఉంటే కలపకుండా ఆగిపోయేలా సాఫ్ట్‌వేరుని మార్చింది. ఎన్ని మార్కులొచ్చినా మనిషి చూడనిదే కలవకూడదని డాక్టరు రేవతి రాతపూర్వకంగా పెట్టించింది. శామ్సన్ ఆ వారం సత్యరాజుతో ముఖాముఖి మాట్లాడలేదు.

నాలుగో రోజు పెద్ద నూకరత్నం లేచి కూర్చుంది. సత్యరాజు ఆమె మంచం దగ్గరికి వెళ్ళాడు. చిన్న నూకరత్నం పక్కనే స్టూలు మీద కూర్చుని నారింజ తొనలు వొలుస్తోంది.

"అమ్మా, నా తప్పుంది. చదవకుండా సంతకం పెట్టేను," అన్నాడు. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పాడు, అక్షరాలు, మార్కులు, హెచ్ సంగతీ. చిన్నామె తొనలు అక్క ఒళ్ళో పడేసి లేచింది.

"మా అక్క సచ్చిపోతే నీ తప్పు మాకేటవుతాది బాబూ? ముగ్గురు గుంటలు ఆల్లకి. ఒక్కచ్చరం తేడా అంటావేటి? అదీ నానూ ఒక్క మనిసిలాగ ఉన్నామా? సూడు! సూసి సెప్పు!"

సత్యరాజు తల దించుకున్నాడు. చిన్నామె నీళ్ళు నిండిన కళ్ళతో బయటికి వెళ్ళిపోయింది. పెద్దామె చెయ్యి ఊపింది, కూర్చోమన్నట్టు.

"దాని కోపం అంతే బాబూ. పొద్దున్నించి నాకు ముద్ద అదే ఎడతంది." అతని వైపు తిరిగి అడిగింది. "ఇప్పుడు మమ్మల్ని ఇడదీసేరా?"

"విడదీసేనమ్మా. నా చేత్తో."

"ఇంట్లో అయితే ఇరవయ్యేల్లైనా ఎవులూ ఇడదీయనేకపోనారు," అని నవ్వబోయి, ఉబ్బు పూర్తిగా తగ్గని పెదవి నొప్పెట్టి ఆగిపోయింది.

మూడు వారాలకి లెక్క తేలింది. ఆరువందల పన్నెండు జతల్లో పంతొమ్మిది జతలు వేర్వేరు మనుషులు. నూకరత్నాలు కాక, వాళ్ళలో ఒకరు మూర్ఛ మందులు వాడే మనిషి, ఒకరు గుండె జబ్బు మనిషి. మిగతా పదహారు జతల్లో కలవడం వల్ల ముప్పేమీ లేదు. దేవిశ్రీ విశాఖ వెళ్ళిపోయింది. కానీ ఐదు జతలు మాత్రం కార్డులు చూసినా తేలలేదు. చెదపురుగు తిన్నవి కొన్ని, పెన్సిలు రాత లేనివి కొన్ని. వాటిని వదిలేస్తే ఎవరూ అడగరు. సత్యరాజుకి నిద్ర పట్టలేదు. సెలవు రోజుల్లో బస్సెక్కి వాళ్ళ ఊళ్ళు వెళ్ళడం మొదలుపెట్టాడు. మణెమ్మ టిఫిను కట్టి ఇచ్చింది. ఈసారి వెటకారం చెయ్యలేదు.

నాలుగు తేలిపోయాయి. ఐదోది రోలుగుంట. నరసమ్మ, నరసమ్మ. ఇంటిపేరు, ఊరు, లెక్క కడితే ఇప్పటి వయసు, అన్నీ ఒకటే. నూటికి నూరు మార్కులు. మొదటి కార్డు తొంభై ఎనిమిది నాటిది, రెండోది రెండువేల పదకొండు నాటిది. రెండో కార్డులో గర్భసంచి కాన్సరు అని ఉంది. నూటికి నూరు కాబట్టి ఒకరే అయ్యుంటారని అతనికీ అనిపించింది. అయినా వెళ్ళాడు.

అడుగుతూ పోతే ఒక పెంకుటిల్లు చూపించారు. వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తూ ఒక ముసలామె కూర్చుని ఉంది. సత్యరాజు తను ఎవరో చెప్పి, తెచ్చిన రెండు కార్డులూ చూపించి, "ఇది తొంభై ఎనిమిదిలోది, ఇది పదకొండులోది. రెండూ నీవేనామ్మా?" అని అడిగాడు.

ఆమెకి చదువు రాదు. రెండో కార్డు చేతిలోకి తీసుకుని దాన్ని వేలితో తడిమింది. "పదకొండులోదా? ఇది నాది కాదు బాబూ. మా చినాన్న కూతురిది. మా ఇద్దరికీ మా నాయనమ్మ పేరే ఎట్టేరు, ఒకే ఇంటిపేరోల్లకి ఇచ్చేరు. ఈ వీదిలోనే ఉండీది. ఆ జబ్బుతోనే సచ్చిపోనాది."

"అయ్యో. ఎప్పుడమ్మా?"

"పన్నెండేల్లయిపోనాది." కార్డు వెనక్కి ఇవ్వలేదు. "దీన్ని ఏటి సేస్తావు బాబూ? సించేస్తావా?"

"లేదమ్మా. ఇద్దరూ ఒకటే అని కంప్యూటర్లో కలిసిపోయింది. అది సరిచేద్దామని వచ్చేను."

ముసలామె చేతిలో చింతపిక్కలు కింద పడేసి, చెయ్యి కోకకి తుడుచుకుంది. "కలపీకు బాబూ. దాని జబ్బు నాకు రానేదు, నా ఆయుస్సు దానికి రానేదు. దాని పేరు దానికే ఉండనీ."

"ఉంటుందమ్మా," అన్నాడు సత్యరాజు. జేబులోంచి పెన్సిలు తీసి, ఆమె చేతిలోని కార్డు మూల, ఎవరి మనవరాలో, ఎవరి కూతురో, ఏ వీధో ఆమె చెబుతుంటే ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ఆఖరున ఆమె కూర్చోమని మజ్జిగ తెచ్చింది. తిరుగు బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉంది. సత్యరాజు మజ్జిగ తాగుతూ, పోయిన నరసమ్మ ఎలా ఉండేదో విన్నాడు.